పీటీఎస్‌డీ కోచ్ యాప్: జేబులో ఉండదగ్గదే, కానీ ఎంతవరకు?

యుద్ధం, ప్రమాదం లాంటి దారుణ అనుభవం తర్వాత మనసును వదలకుండా పీడించే జబ్బు పీటీఎస్‌డీ. అది ఉన్నవాళ్ల కోసం తయారైన ఫోన్ యాప్ ఇది. ఉచితం. ప్రకటనలు లేవు, లాగిన్ లేదు, పేరు అడగదు, నెట్ అందని చోట కూడా చాలా వరకు పనిచేస్తుంది. మనశ్శాంతి ఇస్తామని ఊరించి మూడో రోజుకే కార్డు నంబరు అడిగే యాప్‌లు గుట్టలుగా ఉన్న చోట, ఇది సర్కారీ సరుకై ఉండి కూడా పనికొచ్చేలా ఉండటం విశేషమే. అమెరికాలో మాజీ సైనికుల బాగోగులు చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖను అక్కడ అందరూ వీఏ అంటారు. ఆ వీఏకి చెందిన నేషనల్ సెంటర్ ఫర్ పీటీఎస్‌డీ, రక్షణ శాఖతో కలిసి 2011లో దీన్ని తెచ్చింది. ఇరాక్, అఫ్గానిస్థాన్‌ల నుంచి తిరిగొచ్చినవాళ్లలో చాలామంది మానసిక వైద్యుడి గడప తొక్కడానికి మొహమాటపడేవాళ్లు. ఫోన్ మాత్రం అందరి జేబులోనూ ఉంది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ దొరుకుతుంది. భాష ఇంగ్లిష్, స్పానిష్. తెలుగు లేదు.

తీర్పు ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. జబ్బును కొలుచుకోవడానికి ఇది చాలా మంచి సాధనం. కష్టమైన గంట గడవడానికి మంచి తోడు. జబ్బు తగ్గించడానికి మాత్రం ఇది ఒక్కటే చాలదు, తప్పుగా వాడితే ఉన్నదాన్ని ఇంకొన్నేళ్లు సాగదీస్తుంది కూడా. వైద్యానికి ఇది బదులు కాదని యాప్ తనంతట తానే చెప్తుంది, కాకపోతే ఆ మాట చదివి గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ.

తెరవగానే నాలుగు దార్లు కనిపిస్తాయి: లెర్న్, ట్రాక్ ప్రోగ్రెస్, మేనేజ్ సింప్టమ్స్, గెట్ సపోర్ట్. జనం నేరుగా మూడోదానికి వెళ్తారు. మొదలుపెట్టాల్సింది రెండోదానితో.

ట్రాక్ ప్రోగ్రెస్‌లో ఉన్నది సరదా క్విజ్ కాదు, డాక్టర్లు వాడే పీసీఎల్-5 ప్రశ్నావళి. 20 ప్రశ్నలుంటాయి. గత నెల రోజుల్లో ఫలానా ఇబ్బంది మిమ్మల్ని ఎంత పీడించింది అని అడుగుతుంది. అసలు లేదంటే 0, విపరీతంగా ఉందంటే 4. అన్నీ కలిపితే 80. మొత్తం 31-33 దగ్గరకు వచ్చిందంటే నిపుణుడికి చూపించుకోవాలని అర్థం. పీటీఎస్‌డీ ఉన్నట్టు తేలిపోయిందని కాదు. తేల్చడానికి క్యాప్స్-5 అనే ముఖాముఖి పరీక్ష ఉంది, 30 అంశాలు, దాదాపు గంట పడుతుంది. దాన్ని ఏ ఫోనూ చేయలేదు.

అయితే మొత్తం అంకె కంటే విలువైన సంగతి ఆ 20 ప్రశ్నల వరుసలో దాగి ఉంది. మొదటి ఐదు ప్రశ్నలు జరిగినది మళ్లీ మళ్లీ మీదకు రావడం గురించి: జ్ఞాపకాలు, పీడకలలు, మళ్లీ అక్కడే ఉన్నట్టు అనిపించడం, ఏదైనా గుర్తుచేస్తే కలత, గుండె దడ, చెమట. ఆరు, ఏడు తప్పించుకు తిరగడం గురించి. ఎనిమిది నుంచి పద్నాలుగు వరకు మనసు, ఆలోచన: తన మీద తప్పు వేసుకోవడం, ఎవరితోనూ కలవలేకపోవడం, సంతోషం అనేది తెలియకపోవడం. పదిహేను నుంచి ఇరవై వరకు కోపం, ముప్పు అని తెలిసీ ఎగబడటం, నిరంతరం కాపలా కాస్తున్నట్టు ఉండటం, ఉలికిపాటు, ధ్యాస నిలవకపోవడం, నిద్ర. 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేసుకున్న ప్రతి ప్రశ్ననూ ఒక లక్షణంగా లెక్కపెట్టండి. మొదటి గుంపులో ఒకటి, రెండోదాంట్లో ఒకటి, మూడోదాంట్లో రెండు, నాలుగోదాంట్లో రెండు ఉంటేనే పీటీఎస్‌డీ ఆకారం వచ్చినట్టు. ఒకాయనకు మొత్తం 36 వచ్చిందనుకుందాం. అందులో మొదటి రెండు గుంపుల్లోనూ సున్నాలే ఉంటే ఆ 36 అంతా నిస్పృహ, కోపం, నిద్రలేమి నుంచి వచ్చింది. అది డిప్రెషన్ కావచ్చు, మద్యం కావచ్చు. మొత్తం చూసి బెదిరిపోయే ముందు వరుస చూడాలి.

నింపేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. ప్రశ్నలన్నిటికీ ఒకే సంఘటనను మనసులో పెట్టుకోవాలి. రెండు మూడు పోస్టింగుల అనుభవాలు కలిపేసి ఒక ప్రశ్నకు ఒకదాన్నీ ఇంకో ప్రశ్నకు ఇంకోదాన్నీ తలుచుకుంటే అంకెకు అర్థం ఉండదు. ఏ సంఘటనో కాగితం మీద ఒక్క మాటలో రాసి పెట్టుకుంటే వచ్చేసారి కూడా దాన్నే పట్టుకోవచ్చు. ప్రశ్నలు నెల రోజుల గురించి కాబట్టి నెలకోసారి నింపితే చాలు. పీడకల వచ్చి లేచిన తెల్లవారుజామున నింపితే నెలంతా ఆ రాత్రిలాగే కనిపిస్తుంది. ఒకే వారం, ఒకే వేళ అని పెట్టుకోండి, యాప్‌లో రిమైండర్ సౌకర్యం ఉంది. ఇక 44 కాస్తా 38 అయిందని సంబరం వద్దు. పది లోపు తేడాను పట్టించుకోనక్కర్లేదు, 15 దాకా కదిలితే అది నమ్మదగ్గ మార్పు.

అన్నిటికంటే మోసం చేసేది ఏడో ప్రశ్న, అంటే గుర్తుచేసే మనుషులను, చోట్లను తప్పించుకుంటున్నారా అనేది. ఒక మాజీ సైనికుడు బజారుకు రాత్రి రెండింటికి వెళ్తాడు, జనం ఉండరని. హోటల్లో గోడకు వీపు ఆనించి, గుమ్మం కనిపించే కుర్చీలోనే కూర్చుంటాడు. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4న టపాసులు కాలుస్తారని పొద్దున్నే బయల్దేరి అడవిలో గుడారం వేసుకుంటాడు. అడిగితే మాత్రం "నాకు అలాంటివేం లేవు" అని 0 పెడతాడు. అబద్ధం చెప్పడం లేదు. బతుకంతా తప్పించుకోవడం చుట్టూ అల్లుకున్నాక అది తప్పించుకోవడంలా కనిపించదు, అలవాటులా కనిపిస్తుంది. అందుకని ఆరు, ఏడు ప్రశ్నలకు భార్య చేతో అన్నదమ్ముల చేతో విడిగా అంకెలు వేయించి పక్కన పెట్టి చూడండి. తేడా వస్తే ఇంట్లోవాళ్ల అంకెను తేలిగ్గా తీసుకోవద్దు.

యాప్ చూడలేనివి కూడా కొన్ని ఉన్నాయి. పేలుడు దగ్గర్లో ఉండి తలకు దెబ్బ తగిలినవాళ్లకు చిరాకు, మతిమరుపు, నిద్రలేమి, ధ్యాస నిలవకపోవడం ఆ దెబ్బ వల్లే రావచ్చు. ప్రశ్నావళిలో అవే మాటలు పీటీఎస్‌డీ కింద పడతాయి. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగి లేచేవాళ్లకు స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించకుండా పీడకలల వైద్యం మొదలుపెడితే ఆరు నెలలు వృథా. మాజీ సైనికులు మనసు బాగోలేదని వచ్చేది అరుదు. తల దిమ్ముగా ఉంది, గుండె దడగా ఉంది, కడుపులో మంట అని వస్తారు. ఈసీజీ తీస్తే ఏమీ ఉండదు, అక్కడితో ఫైలు మూసేస్తారు. అలాంటి చోట జనరల్ డాక్టరు ముందు ఈ 20 అంకెల స్క్రీన్ పెట్టడం నిజంగా పనిచేస్తుంది. ఐదు నిమిషాల్లో మాట దారికొస్తుంది.

మేనేజ్ సింప్టమ్స్ విభాగం యాప్‌కు పేరు తెచ్చింది. ఇప్పుడు ఏం జరుగుతోందో ఎంచుకోవాలి: కోపం, నిద్ర పట్టకపోవడం, ఏదో గుర్తొచ్చింది, మనుషులకు దూరమైనట్టుంది, ఇలా. ముందు ఎంత ఇబ్బందిగా ఉందో 0 నుంచి 10 మీటరు మీద పెట్టమంటుంది. పై అంకెలు పెడితే ఎవరికైనా ఫోన్ చేయమని గుర్తుచేస్తుంది. తర్వాత ఒక సాధనం ఇస్తుంది: నిదానంగా ఊపిరి తీసుకోవడం, కండరాలను ఒక్కోదాన్నే బిగించి వదలడం, చుట్టూ ఉన్నవాటి మీద చూపు, చేయి, చెవి నిలపడం, ఆలోచనను ఇంకో వైపు నుంచి చూడటం. అయ్యాక మళ్లీ మీటరు. నచ్చితే బొటనవేలు పైకి, నచ్చకపోతే కిందికి. మీ ఫొటోలు, మీ పాటలు కూడా పెట్టుకోవచ్చు. ఇది చేసుకున్నవాళ్లకే యాప్ నిలబడుతుంది, ఎందుకంటే గుండె అదురుతున్నప్పుడు అమెరికన్ యాసలో మెల్లగా చెప్పే గొంతు కొందరికి ఇంకా చిరాకు తెప్పిస్తుంది. పనిచేసే సాధనాలు రెండో మూడో చాలు. వాటిని మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు రోజూ పది నిమిషాలు సాధన చేయాలి. మంట అంటుకున్నాక బావి తవ్వినట్టు, మీటరు 9లో ఉన్నప్పుడు మొదటిసారి నేర్చుకోబోతే ఏదీ పనిచేయదు. ఆ తర్వాత యాప్ పనికిరానిదని తీసేస్తారు. ఊపిరి సాధనంలో చేసే తప్పు కూడా ఒకటే: గాలి గట్టిగా, లోతుగా పీల్చడం. దానితో తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కి భయం పెరుగుతుంది. మామూలుగా పీల్చి, వదలడం మాత్రం పొడుగ్గా ఉండాలి.

ఈ సాధనాల్లో ఒకదాన్ని దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే యాప్ బలమూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి. ఆర్ఐడీ అంటారు. రిలాక్స్, ఐడెంటిఫై, డిసైడ్. ఇరాక్‌లో రోడ్డు పక్క చెత్తలో, చచ్చిన జంతువుల కింద బాంబులు పెట్టేవాళ్లు. అక్కడ కాన్వాయ్ నడిపినవాడు ఇప్పుడు టెక్సస్ హైవే మీద ఆఫీసుకు వెళ్తున్నాడు. రోడ్డు అంచున నల్ల ప్లాస్టిక్ సంచి. చూశాడో లేదో కాలు యాక్సిలరేటర్ మీద పడింది, బండి మధ్య లేన్‌లోకి పోయింది, చేతులు స్టీరింగ్‌కు అతుక్కుపోయాయి. మొదట బండి క్షేమమైన చోట ఆపాలి, నడుపుతూ ఫోన్ తీయడం సంచి కంటే ప్రమాదం. మొదటి మెట్టు, ఒళ్లు కాస్త వదులు చేయడం. రెండో మెట్టు, కదిలించింది ఏమిటి అని. సంచి. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటి? ఇది వేరే దేశం, పక్కనే స్కూలు బస్సు తాపీగా పోతోంది, ఆ సంచి దగ్గరికెళ్లి చూసేవాడు లేడు, దాన్ని చూసి ఆగినవాడూ లేడు. ఈ తేడాలు పైకి చదవడం చాలా విలువైన పని. భయం కొద్దిగా దిగుతుంది. మూడో మెట్టు, ఇప్పుడు ఏం చేద్దాం?

అక్కడే చిక్కు. చాలామంది తీసుకునే నిర్ణయం, రేపటి నుంచి ఇంకో దారిలో వెళ్దామని. మీటరు 8 నుంచి 3కి దిగుతుంది. సాధనం పనిచేసినట్టే కనిపిస్తుంది. ఆ నిర్ణయం మంచిదో చెడ్డదో యాప్‌కు తెలియదు. రెండు నెలల తర్వాత ఆ రెండో దారి కూడా వద్దనిపిస్తుంది, ఆ తర్వాత కారే వద్దనిపిస్తుంది. పీటీఎస్‌డీని ఏళ్ల తరబడి నిలబెట్టేది జ్ఞాపకం ఒక్కటే కాదు, దాని నుంచి పారిపోయిన ప్రతిసారీ దొరికే ఆ చిన్న ఉపశమనం కూడా. ఉపశమనం ఇవ్వడంలోనే నైపుణ్యం ఉన్న యాప్‌తో ఉన్న చిక్కు అదే.

బాగా పరీక్షించిన వైద్యాలు సరిగ్గా దీనికి ఎదురు నడుస్తాయి. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, సంక్షిప్తంగా పీఈ: వారానికోసారి 90 నిమిషాల చొప్పున 8 నుంచి 15 సార్లు కూర్చోవాలి. జరిగినదాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదటి నుంచి చివరి వరకు చెప్పాలి. మళ్లీ చెప్పాలి. బయట, తప్పించుకుంటున్న చోట్లకు మెట్లు కట్టుకుని వెళ్లాలి. ఆ సంచి కథలోనైతే పగటిపూట వేరేవాళ్లు నడుపుతుంటే పక్కన కూర్చోవడం ఒక మెట్టు, సొంతంగా కుడి లేన్‌లో నడపడం ఇంకో మెట్టు, సంచి ఉన్న అంచున ఆగి ఉండటం ఆపై మెట్టు. ప్రతి మెట్టులోనూ 30 నుంచి 45 నిమిషాలు, లేదా భయం సగానికి దిగేవరకు ఉండాలి. మధ్యలో లేచి వస్తే పారిపోవడాన్ని మళ్లీ సాధన చేసినట్టే. ఈ పని చేస్తున్నంతసేపూ ఊపిరి వ్యాయామం చేయొద్దంటారు థెరపిస్టులు. వింతగా అనిపిస్తుంది గానీ కారణం ఉంది. భయం తగ్గింది నా ఊపిరి వల్ల అని మెదడు లెక్క రాసుకుంటే, అక్కడ ప్రమాదం లేదన్న పాఠం దానికి అందదు.

దీనికోసం అదే వీఏ వాళ్లు పీఈ కోచ్ అని విడిగా ఇంకో యాప్ ఇచ్చారు. మా మాటలో అసలు సరుకు అది. థెరపిస్టుతో కూర్చున్న సెషన్‌ను అందులోనే రికార్డు చేసుకుని ఇంటి దగ్గర రోజూ వినాలి, 0 నుంచి 100 వరకు భయాన్ని రాసుకోవాలి, మెట్ల జాబితా అందులోనే ఉంటుంది. థెరపిస్టు లేకుండా సొంతంగా మొదలుపెట్టేది మాత్రం కాదు. సెషన్‌కు ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ పోతే మళ్లీ చెప్పించడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇయర్‌ఫోన్‌తో, పిల్లలు లేని గదిలో వినండి. రాత్రి పడుకునే ముందు వద్దు. యాప్ తీసేస్తే రికార్డులూ పోతాయని గుర్తుంచుకోండి. భయం కంటే అపరాధ భావం ఎక్కువగా ఉన్నవాళ్లకు, నా వల్లే వాడు పోయాడు అనుకునేవాళ్లకు, సీపీటీ అనే మరో పద్ధతి బాగా కుదురుతుంది. 12 సెషన్లు, రాత పని ఎక్కువ. దాని వర్క్‌షీట్లతో సీపీటీ కోచ్ యాప్ ఉంది. నిద్రకు సీబీటీ-ఐ కోచ్.

వీటితో అందరికీ పూర్తిగా నయమవుతుందని చెప్పడం కూడా తప్పే. 2015లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం పీఈ, సీపీటీ తీసుకున్న సైనికుల్లో, మాజీ సైనికుల్లో సుమారు సగం నుంచి 70 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల వచ్చింది. అయినా మూడింట రెండొంతుల మందికి రోగ నిర్ధారణ అలాగే మిగిలింది. పీటీఎస్‌డీ కోచ్ విషయానికొస్తే, 2017లో ప్రచురితమైన ఒక పరీక్షలో 120 మందిని తీసుకున్నారు. వాళ్లు మాజీ సైనికులే అని కాదు, రకరకాల దుర్ఘటనలు చూసిన మామూలు జనం. మూడు నెలలు యాప్ వాడినవాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ల కంటే మెరుగయ్యారు. ఏమీ చేయకపోవడంతో పోల్చి నెగ్గడం చిన్న గెలుపు. గెలుపే గానీ చిన్నది.

లెర్న్ విభాగాన్ని ఒకసారి చదివితే చాలు. మందుల గురించి యాప్ క్లుప్తంగానే చెప్తుంది కాబట్టి ఇక్కడ రెండు మాటలు. సెర్ట్రలిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఈ జబ్బుకు సిఫారసు చేసేవి. పని కనిపించడానికి వారాలు పడుతుంది, పది రోజులకే ఆపేస్తే లాభం లేదు. నిద్ర రావడం లేదనగానే ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ రాయించుకునే అలవాటు మన దగ్గర చాలా ఉంది. వీఏ, అమెరికా రక్షణ శాఖల 2023 మార్గదర్శకం పీటీఎస్‌డీకి ఆ జాతి మందులు వద్దనే చెప్తోంది. పీడకలలకు ఇచ్చే ప్రజోసిన్ మీద 2018లో 304 మంది మాజీ సైనికులతో చేసిన పెద్ద పరీక్షలో డమ్మీ మాత్ర కంటే మెరుగేమీ కనిపించలేదు. అయినా 2023 మార్గదర్శకం పీడకలలకు దాన్ని బలహీనమైన సిఫారసుగా ఉంచింది. బీపీ మందు కావడంతో మొదటి డోసుకు లేవగానే కళ్లు తిరగవచ్చు. అందుకే 1 మి.గ్రా.తో, పడుకునే ముందు మొదలుపెడతారు.

గెట్ సపోర్ట్ విభాగం మొత్తం అమెరికాకే. 988కి ఫోన్ చేసి 1 నొక్కితే వెటరన్స్ క్రైసిస్ లైన్, అంటే మాజీ సైనికులకు ఆపదలో సాయం చేసే నంబరు. అక్కడుండే తెలుగు కుటుంబాల్లో ఎవరైనా అమెరికా సైన్యంలో పనిచేసి ఉంటే వెట్ సెంటర్ల సంగతి కూడా తెలుసుకోవాలి. అవి వీఏ ఆసుపత్రుల నుంచి వేరుగా ఉంటాయి, యుద్ధరంగంలో పనిచేసినవాళ్లకు కౌన్సెలింగ్ ఉచితం, వీఏ వైద్యంలో పేరు నమోదు కాకపోయినా తీసుకుంటారు.

మన మాజీ సైనికుల ఫోన్లో పెట్టుకుంటే ఆ నంబర్లు దండగ. వాటి జోలికి పోకుండా, సొంత కాంటాక్టులు పెట్టుకునే చోట 14416ను చేర్చండి. అది కేంద్రం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దాని కింద సైనిక సిబ్బంది, వాళ్ల కుటుంబాల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరు నుంచి ప్రత్యేక విభాగం కూడా ఉంది. మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్ కార్డు ఉంటే దగ్గర్లోని పాలీక్లినిక్‌కి వెళ్లి సైకియాట్రీ రిఫరల్ అడగాలి. వెళ్లేటప్పుడు గత మూడు నెలల పీసీఎల్-5 అంకెలు, 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేసుకున్న ప్రశ్నల జాబితా, తాగుడు ఎంత, తలకు దెబ్బ ఎప్పుడు తగిలింది అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. అంకెలు యాప్‌లో మాత్రమే ఉంచుకుంటే ఫోన్ పోయిన రోజే అవీ పోవచ్చు.

ఇంగ్లిష్ గట్టిగా రాని వారికి ఇంట్లో ఎవరైనా ప్రశ్న చదివి తెలుగులో చెప్పాల్సి వస్తుంది. మూడో ప్రశ్న దగ్గర జాగ్రత్త. "గుర్తొస్తోందా?" అని అడిగితే మొదటి ప్రశ్నే మళ్లీ అడిగినట్టు. "ఇప్పుడే అక్కడే ఉన్నట్టు, మళ్లీ జరుగుతున్నట్టు అనిపించిందా?" అని అడగాలి. పద్నాలుగో ప్రశ్న "సంతోషంగా లేరా?" అని కాదు. "మనవణ్ని ఎత్తుకున్నా ముద్దు రావట్లేదా?" అంటే వెంటనే అందుతుంది. ఆయన ఎదుటే కొడుకు చదవడం కంటే భార్యో, పాత రెజిమెంటు స్నేహితుడో చదివితే జవాబులు నిజాయతీగా వస్తాయి, ముప్పు అని తెలిసీ ఎగబడటం గురించిన పదహారో ప్రశ్నకు మరీను.

ఇంట్లోవాళ్లకు పీటీఎస్‌డీ ఫ్యామిలీ కోచ్ అని వేరే యాప్ ఉంది, అదీ ఉచితమే. అందులో వెతికినా వెతకకపోయినా ఈ ఒక్కటి తెలిసి ఉండాలి: పీడకలలో ఉన్న మనిషిని భుజం పట్టి కుదపకూడదు. మంచం కాళ్ల వైపు, చేయి అందనంత దూరంలో నిలబడి, లైటు వేసి, పేరు పెట్టి పిలవాలి. ఎక్కడున్నాడో చెప్పాలి.